బండ ఎత్తిన పిల్ల

మ్యూజియం పై అంతస్తులో ఒక గోడ నిండా ఒకే ఫొటో ఉంది. ఎండకు తెల్లబారిన వాకిట్లో ఒక ఆడమనిషి నడుము వంచి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి నిలబడి ఉంది. ఆమె వీపు మీద బండ. పది పదకొండేళ్ళ పిల్ల ఒకతె పళ్ళు బిగబట్టి ఆ బండను రెండు చేతులతో పైకి ఎత్తుతోంది. సాయిలు తీసిన రెండో సినిమాలోది ఆ బొమ్మ. సాయిలు ఊళ్ళవాళ్ళనే నటులుగా పెట్టుకుని, పెద్ద హాళ్ళ గడప తొక్కని సినిమాలు ఐదు తీసి నిరుడు కన్నుమూశాడు. ఇప్పుడు ఆ ఐదింటినీ, అతను వాడిన కెమెరానూ, చేత్తో రాసుకున్న నోటుపుస్తకాలనూ ఒకచోట పెట్టి పది రోజులు చూపిస్తున్నారు. అతని కూతురు మంజుల నాకు ఉత్తరం రాసింది. "నాన్న సినిమాలో బండ ఎత్తే పిల్ల మీరేనని మా నానమ్మ చెప్పింది. మీరు తప్పకుండా రావాలి" అని. వెళ్ళకుండా ఉండటానికి నాకు వయసూ ఉంది, మోకాళ్ళ నొప్పులూ ఉన్నాయి. అయినా వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ఎక్కడో ఒక సినిమాలో నేను మంచిపిల్లగా ఉన్నానని తెలిసి, చూసుకోవాలనిపించి వెళ్ళాను. ఈ మాట రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఫొటో ముందు నిలబడితే మంజుల వచ్చి నా చేయి పట్టుకుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, చిన్నగా కత్తిరించిన జుట్టు, భుజాన గుడ్డసంచి. "ఇది మీరే గదమ్మా" అంది. నేను కాదనలేదు. ఔననీ అనలేదు. పెద్దవయసువాళ్ళు మాట తోచనప్పుడు తల ఒక రకంగా ఊపుతారు చూడండి, అలా ఊపాను. మంజుల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

మాది ఎల్లారెడ్డి. మా బాపు పటేలు. ఊరంతా దొర అనేది. పెద్ద జమీందారీ ఏమీ కాదు, పోచారం నీళ్ళు పారే పొలాలు కొన్ని నాగిరెడ్డిపేట వైపు, మిగతాది మెట్ట. కానీ ఆ రోజుల్లో పెత్తనానికి అంత భూమి చాలు. బాపు పొద్దున్నే స్నానం చేసి, నుదుటికి బొట్టు పెట్టుకుని, తెల్లటి రుమాలు తలకు చుట్టుకుంటూ ముందు అరుగు మీద కూర్చునేవాడు. ఆ రుమాలు చుట్టడం ఒక తతంగం. ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండో కొస వేళ్ళ మధ్య మెలితిప్పుతూ, అద్దం లేకుండానే మడత మీద మడత కుదిర్చేవాడు. అది పూర్తయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. శిస్తు లెక్కలు చూసే గిర్దావరు వస్తే ఉర్దూలో నవ్వుతూ మాట్లాడేవాడు, మాతో తెలుగులో తక్కువగా మాట్లాడేవాడు. కోపం వస్తే గొంతు పెంచేవాడు కాదు, తగ్గించేవాడు. బాపు గొంతు ఎంత మెత్తబడితే ఇంట్లో అందరం అంత దూరం జరిగేవాళ్ళం.

లచ్చవ్వ మా ఇంట్లో వెట్టి చేసేది. వంతుల ప్రకారం ఊళ్ళోని కొన్ని ఇళ్ళవాళ్ళు వచ్చి చేయవలసిన చాకిరీ అది. లచ్చవ్వ వంతు మాత్రం ఎప్పుడూ అయిపోయేది కాదు, ఎందుకంటే ఆమె పని అమ్మకు నచ్చింది. చీకటితోనే వచ్చి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, కొట్టంలో పేడ తీసి, బావి నుంచి గోలేలు నింపి, జొన్నలు విసిరేది. విసురుతూ పాడేది. మధ్యాహ్నం దాటాక గిన్నెలో జొన్నగటక, దాని మీద పుల్లబడ్డ మజ్జిగ పోసి కొట్టం దగ్గర పెట్టేవాళ్ళు. ఆమెకు అప్పుడు పాతికేళ్ళుంటాయి. నాకు పదకొండు. అయినా నేను "ఏమే లచ్చవ్వా" అనే పిలిచేదాన్ని. ఆమె నన్ను "దొరసానీ" అనేది. మా ఇంట్లో ఎవరికీ అది ఎబ్బెట్టుగా ఉండేది కాదు. ఇప్పుడు మా మనవరాలు ఇంట్లో వంటమనిషిని ఆంటీ అంటుంటే నాకు ఒక్కోసారి చెవులు వేడెక్కుతాయి.

కొట్టం పక్కన ఒక బల్లపరుపు బండ ఉండేది. దాని మీద గుంటలు తొలిపించుకుని, చింతగింజలతో ఓమనగుంటలాట ఆడేవాళ్ళం. శిస్తు దాచినవాణ్ణో, పిలిచిన పూట రానివాణ్ణో వంగబెట్టి వీపు మీద పెట్టేది కూడా ఆ బండనే. ఈ రెండు సంగతులూ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒకదానికొకటి అడ్డు రాలేదు.

ఆ యేడు కామారెడ్డిలో మా మేనత్త మూడోసారి ప్రసవించింది. మూడో కాన్పు గనుక పుట్టింటికి రాలేదు. సాయానికి అమ్మ లచ్చవ్వను పంపింది, అత్తకు తోడుంటుందని నన్నూ పంపింది. లచ్చవ్వ చంకలో ఆమె కొడుకు, ఇంకా యేడు నిండనివాడు. తెల్లవారుజామున గూడుబండి ఎక్కితే పొద్దుగూకే వేళకు కామారెడ్డి చేరాం. మామ ఇల్లు స్టేషనుకు దగ్గర. రైలు కూత వినబడినప్పుడల్లా నేను మేడమెట్ల మీదికి పరుగెత్తేదాన్ని. ఇల్లంతా బాలెంత వాసన. వేపాకు కాగిన నీళ్ళు, వాముపొగ, నువ్వులనూనె, అత్త వాళ్ళ అత్తగారు నూరే కాయం మందు. ఆ పెద్దావిడ కాయం ముద్ద చేతిలో పెట్టుకుని, అత్త మింగేదాకా ఎదురుగా కూర్చునేది. లచ్చవ్వ రెండు పూటలా అత్తకు వేడినీళ్ళు పోసి, పొట్టకు గుడ్డ బిగించి కట్టి, పసిదానికి నలుగు పెట్టేది. తన కొడుకును మటుకు వరండా కొసన చీరగుడ్డ మీద పడుకోబెట్టేది. వాడు ఏడిస్తే ఎత్తుకునే వీలు చిక్కేది కాదు. నేను అప్పుడప్పుడు వెళ్ళి వాడి అరికాలు గిలిగింతలు పెట్టేదాన్ని.

మేము వెళ్ళిన వారానికి స్టేషను అవతలి మైదానంలో బైస్కోపు డేరా వేశారు. ఎడ్లబండి మీద తప్పెట కొట్టుకుంటూ, రంగుకాగితాలు విసురుతూ తిరిగారు. మామకు అలాంటివి పట్టవు. ఆడపిల్లల్ని తీసుకుపోయే ఆనవాయితీ ఆ ఇంట్లోనూ లేదు, మా ఇంట్లో అసలే లేదు. నేను లచ్చవ్వను పట్టుకున్నాను. ఆమె నీళ్ళు కాస్తుంటే పక్కన కూర్చుని అడిగాను, గుడ్డలు ఆరేస్తుంటే వెనకాలే తిరిగి అడిగాను. మూడు రోజులు ఆమె వద్దంటూనే ఉంది. దొరకు తెలిస్తే తన తోలు తీస్తాడని, అడగొద్దని బతిమాలుకుంది. నాలుగో రోజు నేను ఆమె చేయి నా నెత్తిన పెట్టుకున్నాను.

"నా మీద ఒట్టు. ఎవరడిగినా నేనే తీస్కపోయిన అని చెప్త" అన్నాను.

లచ్చవ్వ చాలాసేపు నా మొహం చూసింది. ఆమెకూ చూడాలని ఉందని నాకు అప్పుడే అర్థమైంది. ఆ సంగతి అర్థమయ్యాకే గట్టిగా లాగాను. ఇది కూడా చెప్పాలి.

అత్తకు సాయంత్రం స్నానం అయి, ఇంట్లోవాళ్ళు పాలు పితికే హడావుడిలో ఉండగా పెరటిదారిన వెళ్ళాం. మామ గాజులకని నాకు ఇచ్చిన డబ్బులు టికెట్లకు సరిపోయాయి. డేరాలో అడ్డుగుడ్డ కట్టి ఆడవాళ్ళను ఒక పక్క కూర్చోబెట్టారు. నేల మీద గడ్డి పరిచారు. కిరసనాయిలు వాసన, ఎవరో తెచ్చుకున్న ఉడకబెట్టిన పల్లికాయల వాసన. ఆట మొదలవగానే లచ్చవ్వ నా మోచేయి పట్టుకుంది, అయిపోయేదాకా వదల్లేదు. ఏదో పురాణకథ. తల్లి ఒకతె బిడ్డను అడవిలో విడిచి వెనక్కి చూడకుండా నడిచిపోయే చోట లచ్చవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆమె నిజంగనే ఏడుస్తుందా దొరసానీ?" అని నా చెవిలో అడిగింది. నేను తెలిసినదానిలా ఔనన్నాను. ఒళ్ళో పిల్లవాడు మేలుకుని, మా తలల మీదుగా పోతున్న వెలుతురు పట్టెను పట్టుకోబోతూ చేతులు ఆడించాడు. ఆ పిల్లవాడే సాయిలు. తన మొదటి సినిమా తల్లి ఒళ్ళో కూర్చుని చూశానని తర్వాత రాసుకున్నాడు. మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్న నోటుపుస్తకంలో ఆ పేజీ తెరిచి ఉంచారు.

బయటికి వస్తుంటే మామ గుమాస్తా ఎదురుపడ్డాడు. ఇంట్లో మామ ఏమీ అనలేదు. మర్నాడు మమ్మల్ని బండి ఎక్కించి, బండివాడి చేతికి బాపు పేర ఉర్దూలో రాసిన చీటీ ఇచ్చాడు. దారి పొడుగునా లచ్చవ్వ నాకు ఆ సినిమా కథ మళ్ళీ చెప్పింది. నేను చూసిందే అయినా ఆమె చెబుతుంటే కొత్తగా ఉంది. బండివాడు కూడా ఎడ్లను నెమ్మది చేసి విన్నాడు. ఆ చీటీలో ఏముందో మాకు తెలియదు.

మరునాడు పొద్దున బాపు రుమాలు చుట్టుకోవడం పూర్తి చేసి నన్ను పిలిచాడు. అరుగు కింద లచ్చవ్వ, చంకలో పిల్లవాడు. ఇద్దరు జీతగాళ్ళు కొట్టం వైపు నిలబడి ఉన్నారు. పటేలు బిడ్డ అన్ని కులాల ఆడవాళ్ళ మధ్య గడ్డి మీద కూర్చుని బైస్కోపు చూసిందని కామారెడ్డి అంతా చెప్పుకుంటారన్నదే బాపు బాధ. ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందంటే పక్కన నిలబడ్డ అమ్మకు కూడా వినబడి ఉండదు.

"డేరాలకు ఎవరు రమ్మన్నరు బిడ్డా?"

నాకు ఒట్టు గుర్తుంది. గుర్తు లేదని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు నేను చెప్పుకోలేదు. నేనే అంటే బాపు నన్ను కొట్టేవాడు కాదు. మహా అయితే ఒక పూట గదిలో పెట్టి గొళ్ళెం వేసేవాడు, పదిరోజులు నాతో మాట్లాడేవాడు కాదు. ఆ పదిరోజులకు భయపడ్డాను.

"లచ్చవ్వ రమ్మన్నది" అన్నాను.

లచ్చవ్వ నా వైపు చూసింది. అబద్ధం అనలేదు. "తప్పైంది దొరా" అంది, అంతే. చంకలో పిల్లవాణ్ణి ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూసింది. అమ్మ వాణ్ణి తీసుకుని నా చేతుల్లో పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళి రోట్లో ఏదో దంచడం మొదలుపెట్టింది. ఆ పూట దంచవలసిన పని ఏదీ ఇంట్లో లేదు.

పొద్దు పొడిచిన రెండు మూడు గడియలకు మొదలై, బాపు భోజనానికి లేచేదాకా లచ్చవ్వ వీపు మీద ఆ బండతో వాకిట్లో వంగి ఉంది. నేను తలుపు చాటున నీడలో పిల్లవాణ్ణి పట్టుకుని నిలబడ్డాను. వాడు తల్లి కనబడుతుంటే చేతులు చాచి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి నా జడ కొస గుప్పిట్లో పట్టుకుని భుజం మీద నిద్రపోయాడు. వాడికి నా భుజం మీద నిద్ర పట్టింది. ఆ సంగతి నేను మా ఆయనకు కూడా చెప్పుకోలేదు. లచ్చవ్వ జాకెట్టు ముందు పాలతో తడిసి, ఆ తడి కింద దుమ్ములో చుక్కలు చుక్కలుగా పడింది. వాకిట్లోకి ఎంతోమంది వచ్చారు, పోయారు. ఒకరూ నోరు విప్పలేదు. బాపు చేయి ఊపాక జీతగాళ్ళు బండ దించారు. ఆమె నిటారుగా లేవలేకపోయింది. అలాగే వంగి నడిచి నా దగ్గరికి వచ్చి, నిద్రపోతున్న కొడుకు పిడికిట్లోంచి నా వెంట్రుకలు ఒక్కొక్కటే విడిపించి వాణ్ణి తీసుకుపోయింది. నా వెంట్రుక ఒకటి కూడా తెగకుండా చూసుకుంది.

ఆ తర్వాత కూడా లచ్చవ్వ మా ఇంటికి పనికి వచ్చింది. ఒక చేయి నడుము మీద పెట్టుకుని ఊడ్చేది. పాడటం మానేసింది. నేను ఆమె ఎదురుపడకుండా తిరగడం నేర్చుకున్నాను, చిన్న ఇల్లు కాదు గనుక వీలైంది. కొన్నాళ్ళకు ఆ బండ మీద మళ్ళీ కూర్చుని ఓమనగుంటలు ఆడాను. రెండేళ్ళకు ఆమె మొగుడు అందర్నీ తీసుకుని బోధన్ వైపు కూలికి వెళ్ళిపోయాడు. చెప్పకుండా వెళ్ళారని బాపు మండిపడ్డాడు. నాకు మాత్రం వీపు మీది బరువేదో దిగినట్టయింది. అలాంటి మాట వాడే హక్కు నాకు లేదని తెలిసీ రాస్తున్నాను. నాకు పెళ్ళయింది, చదువుకున్నాను, టీచరునయ్యాను, నాలుగు పుస్తకాలు రాశాను. వాటిలో మా ఇంటి గురించి, వాకిట్లో ముగ్గుల గురించి, అత్త బాలెంత గదిలో వాముపొగ గురించి ముచ్చటగా రాశాను. చదివినవాళ్ళు మెచ్చుకున్నారు. లచ్చవ్వ పేరు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు ఎల్లారెడ్డిలో మా ఇల్లు లేదు. ఆ జాగాలో ఎరువుల దుకాణం ఉంది, ముందర బస్సుల కోసం జనం నిలబడతారు. వాళ్ళలో ఎవరికీ ఎవరి ముందూ వంగే పని లేదు. మంచిదే. అయితే ఆ మంచిలో నా చెయ్యి ఏమీ లేదు.

మ్యూజియం కింది హాల్లో సినిమా వేశారు. అంతా ఉంది. డేరా ఉంది, గడ్డి ఉంది, పిల్లవాడు వెలుతురు పట్టెకు చేతులు చాచడం ఉంది. దొర మెత్తటి గొంతు కూడా ఉంది. అయితే బండ వీపెక్కగానే ఆ పిల్ల గడప దాటి ఉరికి వచ్చి, "నేనే తీస్కపోయిన" అని అరుస్తూ బండకు చేతులు వేస్తుంది. బండ కదలదు. మళ్ళీ వేస్తుంది. అది పక్కకు జారి దుమ్ములో పడుతుంది. హాలంతా చప్పట్లు. నేను ఏడ్చాను. అన్నిటికంటె సిగ్గుచేటు ఏమిటంటే, ఒక్క నిమిషం పాటు, అది నేనేనని, నేను నిజంగా ఎత్తానని, ఇన్నాళ్ళూ తప్పుగా గుర్తుపెట్టుకున్నానేమోనని కూడా అనుకున్నాను.

దీపాలు వెలిగాక ముందు వరుసలో లచ్చవ్వను చూశాను. ఎనభై దాటి ఉంటుంది. వంగిపోయి, కర్ర రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. ముసలితనం వల్ల వంగిందనుకుంటారు చూసినవాళ్ళు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. నోటికి ఏ పిలుపూ రాలేదు. ఆమే తల తిప్పి చూసి, "అనసూయవా?" అంది. నా పేరు ఆమె నోట వినడం అదే మొదలు.

చెవి సరిగా వినబడదని మంజుల ముందే చెప్పింది. అందుకని వంగి చెవి దగ్గర అడిగాను. "అట్లా ఎందుకు చెప్పారు లచ్చవ్వా? నేను ఎత్తలేదు గదా."

ఆమె తెర వైపు చూస్తూ చెప్పింది. ఖాళీ తెర.

"సాయిలుకు ఆరేండ్లప్పుడు అడిగిండు, అవ్వా నీ నడుము ఎందుకు వంగిందే అని. జరిగింది జెప్పిన. మల్ల అడిగిండు, మరి బండ ఎవరు దించిండ్రే అని. దొర చెయ్యి ఊపేదాక ఇంటినిండ మనుషులుండి ఒక్కరు గూడ దించలేదని పసిపోరనికి ఎట్ల జెప్పాలె? గట్ల జెప్తె వాడు ఇగ ఎవర్ని నమ్ముతడు? గందుకే ఆ పిల్ల ఉరికొచ్చి దించిందని జెప్పిన. వాడు దాన్నే పట్టుకున్నడు."

నేను తప్పిన ఒట్టును మీరు నిలబెట్టారని ఏదో అనబోయాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు.

"నీ కోసం జెప్పలే. నా కొడుకు కోసం జెప్పిన."

అప్పుడే మంజుల వేదిక మీది నుంచి మైకులో నన్ను పిలిచింది. ఆ రోజు బండ ఎత్తిన చేతులు ఇవేనని, నాన్న బతికి ఉంటే ఈ చేతులకు దండం పెట్టేవాడని చెప్పింది. జనం లేచి నిలబడ్డారు. నేను మెట్లెక్కాను. ఎక్కుతూనే నిజం చెప్పాలని అనుకున్నాను. మైకు ముందు నిలబడి, "నేనేమీ చేయలేదండీ" అన్నాను. అంతవరకు నిజమే. వెంటనే చప్పట్లు మొదలయ్యాయి. పెద్దావిడకు ఎంత వినయమో అన్నట్టు ముందు వరుసల్లో మొహాలు విప్పారాయి. దాని తర్వాతి వాక్యం నా నోట్లో సిద్ధంగా ఉంది. నేను ఒట్టు తప్పి అబద్ధం చెప్పడం వల్లే ఆ బండ ఆమె వీపెక్కిందన్న వాక్యం. చప్పట్లు ఆగేదాకా ఆగితే చాలు. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, సగం వాక్యం దగ్గర ఆపితే ఏ అర్థం వస్తుందో నాకు బాగా తెలుసు. చేతులు జోడించి దిగి వచ్చాను. ఆ మిగిలిన వాక్యం ఇక్కడ రాశాను. కాగితం ముందు ఎవరూ కూర్చుని చూడరు గనుక రాయగలిగాను. మంజుల ఇది చదువుతుందని తెలుసు.

నేను కిందికి వచ్చేసరికి మంజుల నానమ్మ పక్కన వంగి ఉంది. ఆమె ఏమందే అని లచ్చవ్వ అడుగుతోంది.

"తనేం చెయ్యలేదన్నది నానమ్మా" అని మంజుల చెవిలో గట్టిగా చెప్పింది.

"నిజమే జెప్పింది" అంది లచ్చవ్వ.

వినబడ్డవాళ్ళంతా ముద్దుగా నవ్వారు. ముసలామె పరాచికం ఆడిందనుకున్నారు. మంజుల కూడా నవ్వి ఆమె భుజం తట్టింది. లచ్చవ్వ నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. పక్క కుర్చీలో పెట్టుకున్న తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ కుర్చీ నాకోసమేనా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కూర్చున్నాను.